అడుగు సొరుగు

అమీర్‌పేట,
జనవరి 9.

రత్నమాల వదినగారికి,

నమస్కారం. ఫోన్‌లో నా మాట మీకు వినపడదు. భార్గవ్ ఫోన్‌కి మెసేజ్ పెడితే మీకంటే ముందు మీ అబ్బాయి, వాడికంటే ముందు మీ కోడలు మానస చదువుతారు. అందుకని ఉత్తరం. పోస్టాఫీసులో స్టాంపు కవరు కావాలంటే కౌంటర్‌లో అమ్మాయి నా వైపు ఒకసారి, నా వెనక లైనులో ఉన్నవాళ్ల వైపు ఒకసారి చూసింది.

విషయానికి వస్తాను. బండిలో సరుకులు నిలవ పెట్టాలి.

మీ చెల్లెలు, నేను కలిసి చేయించుకున్న బండి గుర్తుండే ఉంటుంది. పాత స్కూలు వ్యాను. బోరబండలో దుర్గేష్ షెడ్డులో సీట్లు పీకించి మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, సరుకులకి ఒక అలమార పెట్టించాం. నా రిటైర్మెంటు అయ్యాక, ఆగస్టులో బయల్దేరాలనుకున్నాం. జులైలో మంజూషకి జ్వరం వచ్చింది. మిగతాది మీకు తెలుసు.

ఇప్పుడు బయల్దేరుదామనుకుంటున్నాను. ఒక్కణ్ణే.

అలమార ఖాళీగా ఉంది. బియ్యం, పప్పులు, రవ్వ, అటుకులు, పొడులు ఏది ఎక్కడ పెట్టాలో, ఎండకి పాడవకుండా, పురుగు పట్టకుండా ఏం చెయ్యాలో రాయండి. దారిలో హోటళ్లున్నాయి కదా అనకండి. ఆ తిండి నాకు పడదు.

కేదార్


సామర్లకోట,
జనవరి 19.

మరిదిగారికి దీవెనలు.

కవరు మీద మీ దస్తూరీ చూసి గుండె జారింది. ఈ రోజుల్లో ఉత్తరం రాశారంటే ఏదో అయ్యుండాలనుకున్నాను. లోపల పప్పు, రవ్వ అని చూసి కుదుటపడ్డాను. తీరిగ్గా మళ్లీ చదివాను. ఒక్కళ్లే ఎక్కడికండీ?

ఏడాది తిరగలేదు. తిరిగేదాకా క్షేత్రాలకి వెళ్లకూడదు, కొండ ఎక్కకూడదు, ఇంట్లో ఊరగాయలూ వడియాలూ పెట్టకూడదు. ఇవన్నీ మీకు పట్టవని తెలుసు. నా తృప్తి కోసం రాస్తున్నాను. గుళ్లకి కాదు, ఊరికే తిరుగుతానంటారా, సరే. ఊరికే తిరగడానికి నిషేధం ఏమీ లేదు.

అడిగినదానికి చెబుతాను. రేకు కప్పు కింద అలమార అంటే వేసవిలో మా అటక లాంటిదే. పగలంతా కాగుతుంది, రాత్రికి చల్లబడుతుంది. అప్పుడు డబ్బా మూత లోపల చెమ్మ పడుతుంది. ఆ చుక్క పొడిలో రాలిందంటే ఉండలు కడుతుంది. కాబట్టి పప్పులు, పొడులు కింది సొరుగుల్లో పెట్టండి. పైన తేలికవి, అటుకులు, మరమరాలు, అప్పడాలు.

కందిపప్పు ఒక పూట ఎండలో పెట్టి, చల్లారాక అరచేతులకి ఆముదం రాసుకుని పప్పు చేతుల మధ్య దొర్లించండి. గింజ మెరవాలి, జిడ్డు కారకూడదు. బియ్యంలో ఎండుమిరపకాయలు, నీడన ఆరిన వేపాకు వెయ్యండి. రవ్వ వేయించి పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తండి. వేడి మీద మూత పెట్టడం మగవాళ్ల అలవాటు. నిలవకి పెద్ద డబ్బా, వాడుకకి చిన్న డబ్బా. పెద్దది రోజూ తెరవకండి. తడి చెంచా పెట్టకండి. స్టీలు డబ్బాల మధ్య పాత తువ్వాళ్లు కుక్కండి, లేకపోతే దారంతా మేళం.

పొడులు మీరు చెయ్యక్కర్లేదు, నేను పంపుతాను. కందిపొడి సంగతి రాయండి. మీ దగ్గర ఏమైనా ఉందా? ఉంటే పంపను.

రత్నమాల


అమీర్‌పేట,
ఫిబ్రవరి 2.

వదినగారికి,

మీరు రాసినట్టే చేశాను. పప్పుకి మొదటిసారి ఆముదం ఎక్కువైంది. గుడ్డలో వేసి రుద్ది, మళ్లీ ఎండబెట్టాను. రెండోసారికి కుదిరింది. చేతులు ఎంత కడిగినా వాసన వదల్లేదు. మెట్రోలో పక్కనున్న కుర్రాడు లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు.

మెట్రోలో ఎక్కడికని అడుగుతారు. ఎక్కడికీ లేదు. సాయంత్రాలు ఇంట్లో ఉండలేకపోతున్నాను. ఇక్కడ ఎక్కి మియాపూర్ దాకా వెళ్తాను. దిగి, అవతలి రైలెక్కి వస్తాను. కొన్ని రోజులు పంజాగుట్ట దాకా నడుస్తాను. పని ఉన్నవాడిలా సోమాజిగూడ వైపు మళ్లి, మంజూషని చేర్చిన ఆస్పత్రి కనబడేలోపు వెనక్కి తిరుగుతాను. ఇంటికొచ్చి బండిలో కూర్చుంటాను. స్టీరింగ్ ముందు కూర్చుంటే కొంత నయం.

బండి మా అపార్ట్‌మెంట్ ప్రహరీని ఆనుకుని ఉంటుంది. అది అక్కడి నుంచి కదలాలని అసోసియేషన్ సెక్రటరీ సురేందర్ పట్టుబట్టాడు. మొన్న లిఫ్టు దగ్గర అందరిలో ఆపాడు.

“కేదార్ సాబ్, గీ బండి నడుస్తదా, గిట్లనే గోడకు ఆనుకుని ఉంటదా? హాస్టల్ పోరలు వచ్చి కిరాయికి ఇస్తరా అని అడుగుతున్నరు.”

నడుస్తుందన్నాను.

“అయితే జర నడిపియ్యుండ్రి. మేం సుత చూస్తం.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ ఆదివారం కాక పై ఆదివారం వికారాబాద్ అడవి దాకా వెళ్లి, ఒక రాత్రి ఉండి వస్తాను. అది సరిగా జరిగితే పెద్ద ప్రయాణం.

కందిపొడి పంపకండి. అక్కర్లేదు.

కేదార్


సామర్లకోట,
ఫిబ్రవరి 11.

మరిదిగారికి దీవెనలు.

పార్శిల్ పంపాను. కరివేపాకు పొడి, నువ్వుల పొడి, కారప్పొడి, పెసర అప్పడాలు. అప్పడాలు సగం విరిగే వస్తాయి. విరిగినవి వేయించుకుంటే వేరే రుచి ఏమీ ఉండదు, తినండి. మానస ఒక పొట్లంలో ఎండబెట్టిన ఉల్లిపాయ తరుగు పెట్టింది. ఇంటర్నెట్‌లో చూసి చేసిందట. ఆ అమ్మాయి మొహం చూసి పంపుతున్నాను. వాడాలని లేదు.

ఆస్పత్రి కనబడేలోపు వెనక్కి తిరుగుతున్నానన్నారు. అటు అసలు వెళ్లకండి. నడవడానికి హైదరాబాదులో ఇంకో రోడ్డు లేదా?

కందిపొడి అక్కర్లేదని రాశారు. ఎందుకక్కర్లేదో రాయలేదు. అది లేకపోతే మీకు మొదటి ముద్ద దిగదని మంజు నలుగురిలో వేళాకోళం చేసేది. పెళ్లైన కొత్తలో మీరు మా ఇంటికొచ్చి కూరలన్నీ పక్కకి నెట్టి పొడి జాడీ దగ్గరికి లాక్కున్నారు. మా అమ్మ అప్పుడే మిమ్మల్ని అల్లుడిగా ఒప్పుకుంది. అంతకు ముందు ఒప్పుకోలేదు. ఇప్పుడు చెప్పినా ఫరవాలేదు.

వికారాబాద్ ఎలా జరిగిందో రాయండి.

రత్నమాల


అమీర్‌పేట,
ఫిబ్రవరి 24.

వదినగారికి,

వెళ్లలేదు. వెళ్లాను, కానీ చేరలేదు. చేవెళ్ల దాటి, మన్నెగూడ కూడా దాటి వెనక్కి తిరిగాను. మధ్యాహ్నం భోజనం వేళకి ఇంట్లో ఉన్నాను.

కారణం రవ్వ. దారిలో టిఫిన్ చేసుకుందామని ఆపి డబ్బా తెరిస్తే రవ్వ గూళ్లు కట్టి ఉంది. లోపల సన్నటి తెల్ల పురుగు. మీరు చెప్పినట్టే వేయించాను. చల్లారాకే మూత పెట్టాను. బియ్యంలో కూడా నల్లటివి నాలుగు కనబడ్డాయి. మిరపకాయలు, వేపాకు వేసిన బియ్యమే. ఈ స్థితిలో ముందుకు వెళ్లడం మంచిది కాదనిపించింది.

బండి లోపలికి వస్తుంటే సురేందర్ గేటు దగ్గర ఉన్నాడు. గడియారం చూసుకున్నాడు. ఏదైనా అంటేనే బాగుండేది.

అలమార మొత్తం ఖాళీ చేసి, కడిగి, మళ్లీ కొత్త సరుకు పోస్తాను. కర్పూరం పెట్టమని దుర్గేష్ అంటున్నాడు. పెట్టొచ్చా? మీ అప్పడాలు బాగున్నాయి. ఉల్లిపాయ తరుగు కూడా బాగుంది. మానసకి చెప్పండి.

కేదార్


సామర్లకోట,
మార్చి 4.

మరిదిగారికి దీవెనలు.

కర్పూరం పెట్టకండి. నెల రోజులు కర్పూరం ఉప్మా తినాల్సి వస్తుంది.

వేయించిన రవ్వ అంత తొందరగా గూడు కట్టదు. మూత గట్టిది, డబ్బా కొత్తది, సరుకు కొత్తది. మిరపకాయలున్న బియ్యంలోకి పురుగు దానంతటది పుట్టుకు రాదు. ఎక్కడి నుంచో పాకి రావాలి. వంటింట్లో ఎక్కడో ఒక డబ్బా పాడైతే మిగతా అలమారంతా ఇలాగే అవుతుంది. మా ఇంట్లో ఓసారి అన్ని డబ్బాలూ మార్చి మార్చి చచ్చాం. చివరికి చూస్తే, పిల్లల స్కూలు ప్రాజెక్టుకని దాచిన గోధుమల పొట్లం పుస్తకాల వెనక ఉంది.

మీ బండిలో అలాంటిదేదో ఉంది. పాత సరుకు. ఏ డబ్బా అది?

రత్నమాల


అమీర్‌పేట,
మార్చి 12.

వదినగారికి,

అలమార కడిగాను. తలుపులకి రబ్బరు అంచులు వేయించాను. పై అరలకి లోపల థర్మోకోల్ అంటించాడు దుర్గేష్. వేడి బాగా తగ్గింది.

దుర్గేష్ ఇంకో మాట కూడా తెచ్చాడు. బండికి బేరం వచ్చిందట. “సార్, మస్తు మంచి పార్టీ. మీరు తిరుగుతలేరు కదా, వాళ్లన్న తిరుగుతరు” అన్నాడు. చెడ్డగా అనలేదు. నిజమే అన్నాడు. ఈ నెలాఖరులో వాళ్లు వచ్చి చూస్తారు. అపార్ట్‌మెంటుకి రంగులు వేస్తారట, గోడ పక్కన పరంజా కడతారు, ఏప్రిల్ ఒకటో తేదీకి బండి అక్కడ ఉండకూడదని సురేందర్ నోటీసు అంటించాడు. రెండూ ఒకేసారి వచ్చాయి. అమ్మితే రెండూ తీరతాయి.

మధ్యలో మాసబ్ ట్యాంక్ వెళ్లాను. ఆఫీసులో పెన్షన్ కాగితాల మీద ఒక సంతకం మిగిలింది. పని పది నిమిషాల్లో అయింది. ఇంటికి నడిచే వచ్చాను. చాలా దూరం. కాళ్లు నొప్పి పుడితే నిద్ర వస్తుందనుకున్నాను.

బండి అమ్మడం గురించి మీ అభిప్రాయం రాయండి.

కేదార్


సామర్లకోట,
మార్చి 17.

మరిదిగారూ,

అడిగింది ఒకటే. ఏ డబ్బా?

రత్నమాల


అమీర్‌పేట,
మార్చి 23.

వదినగారికి,

అలమార ఖాళీగా ఉందని మొదట రాశాను. అడుగు సొరుగు ఖాళీ కాదు.

మంజూష జులై మొదట్లో సర్దింది. కందిపప్పు, మినప్పప్పు, అటుకులు, కందిపొడి. పైవి తర్వాత సర్దుతానంది. తర్వాత జ్వరం.

చాలా రోజులు ఆ సొరుగు తీయలేదు. దసరా వెళ్లాక ఒకసారి తీసి, కందిపొడి డబ్బా తెరిచాను. పొడి మీద ఆమె వేళ్లున్నాయి. పొడి పోశాక గాలి మిగలకుండా పైనుంచి వేళ్లతో అదిమేది కదా. నాలుగు వేళ్ల అచ్చులు. చిటికెన వేలిది కొంచెం లోతు తక్కువ. ఉంగరం వేలి దగ్గర అంచు తెగింది. మూత పెట్టేశాను.

ఇంట్లో ఫొటోలున్నాయి, చీరలున్నాయి, చెప్పులున్నాయి. వాటిని చూడగలుగుతున్నాను. ఇది వేరు.

బండి కదిలితే పొడి కదులుతుంది. వికారాబాద్ వెళ్లిన రోజు డబ్బాని పక్క సీట్లో పెట్టి, చుట్టూ దిండ్లు సర్ది, బెల్టు పెట్టాను. మన్నెగూడ దాటాక రోడ్డు తవ్వి ఉంది. మొదటి గుంత తగలగానే ఆపి మూత తీశాను. ఒక అంచు జారింది. అక్కడే వెనక్కి తిప్పాను. రవ్వ గూడు కట్టిన మాట నిజమే. అది ఇంటికొచ్చాక చూశాను.

డబ్బా ఇంట్లో పెట్టి వెళ్లొచ్చు. అదీ ఆలోచించాను. అప్పుడు నేను ఎక్కడున్నా అది ఇక్కడ ఒంటరిగా ఉంటుంది. అలాంటి ప్రయాణం వద్దు.

మినప్పప్పు పుచ్చిపోయింది. పురుగు అక్కడి నుంచే పాకింది. కందిపప్పు కూడా పోయినట్టే. నిన్న కందిపొడి డబ్బా మూత అంచు కింద రెండు కనబడ్డాయి. తుడిచాను. లోపలికి ఇంకా పోలేదు. రేపో ఎల్లుండో పోతాయి.

బండి కదిలినా పోతుంది. కదలకపోయినా పోతుంది. మీరు నిలవ సంగతులు తెలిసినవారు. ఏం చెయ్యాలో రాయండి.

కేదార్


సామర్లకోట,
మార్చి 28.

మరిదిగారూ,

మీ ఉత్తరం దొడ్లో కూర్చుని చదువుకున్నాను. మానస వచ్చి ఏమైందత్తయ్యా అంటే పురుగు పట్టిందట అన్నాను.

అలమార ఖాళీ అని మీరు రాసినప్పుడే నాకు తెలుసు. ఆ సొరుగు సర్దుతూ మంజు వీడియో కాల్ చేసింది. నాకు వినపడదు కదా, ఒక్కో డబ్బా ఎత్తి చూపించింది. కందిపొడి డబ్బా చూపించి నాలుక బయటపెట్టి చేత్తో విసురుకుంది. మిరపకాయలు ఎక్కువ పడ్డాయని. మీ వైపు వేలు చూపించి, ఆయనకి చెప్పకు అని సైగ చేసింది. మీరు వెనక ఏదో మేకు కొడుతున్నారు. అందుకే కందిపొడి ఉందా అని అడిగాను. మీరు అక్కర్లేదన్నారు. మీ అంతట మీరు చెప్పేదాకా ఊరుకుందామనుకున్నాను. చేత కాలేదు.

అలా వేళ్లతో అదమడం మా అమ్మ నేర్పింది. నా వేళ్లు మొద్దువి, పొడి రెండు చెక్కలయ్యేది. మంజుకి బాగా వచ్చేది. అమ్మ పోయినప్పుడు ఆవిడ చేసిన పొడి ఒక జాడీ మిగిలింది. పన్నెండో రోజు అయ్యాక, చుట్టాలంతా వెళ్లాక, నేనూ మంజూ వంటింట్లో కింద కూర్చుని దాని కోసం దెబ్బలాడుకున్నాం. చిన్నపిల్లల్లా జాడీ లాక్కున్నాం. ఆఖరికి నెయ్యి వేసుకుని మొత్తం తినేశాం. జాడీ కడిగింది కూడా మంజే. మాకు ఎవరికీ అది తప్పనిపించలేదు.

పొడి అదిమేది చెడిపోకుండా ఉండాలని. చెడిపోకుండా ఎందుకుండాలి? మీరు తింటారని. అది పురుగుకి పెడతారా?

మినప్పప్పు, కందిపప్పు, అటుకులు తీసి మొక్కల మొదట్లో పొయ్యండి. ఎవరికైనా ఇవ్వాలనిపిస్తుంది మీకు. ఇవ్వకండి. పుచ్చింది ఆమె పేరున ఇవ్వకూడదు. కందిపొడి మీరు తినండి. వేడన్నంలో, నెయ్యి వేసుకుని. పురుగు మొహమాటపడదు, మీరెందుకు పడతారు?

ఇంకొకటి. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. మొత్తం తినేయకండి. నాకో ముద్దకి ఉంచండి. పదకొండో రోజున మీ ఇంటికి వచ్చినప్పుడే అడుగుదామనుకున్నాను. అందరి మధ్యా తిండి మీద ధ్యాసేమిటని అనుకుంటారని నోరు మెదపలేదు. అప్పట్నుంచి అడగలేదు. మీకు ఆముదం గురించీ వేపాకు గురించీ రాస్తూనే ఉన్నాను. నాకు కావలసింది మాత్రం అదీ.

పోస్టులో పంపకండి. కొరియర్‌లో అసలు వద్దు. మీరే తీసుకురండి. బండి ఎలాగూ ఉంది.

రత్నమాల


సూర్యాపేట దాటాక, హైవే పక్కన,
ఏప్రిల్ 2.

వదినగారికి,

ఈ ఉత్తరం నా తర్వాత చేరుతుంది. అయినా రాస్తున్నాను. మీ ఎదురుగా చెప్పాలంటే అరవాలి. ఇది అరిచి చెప్పేది కాదు.

మొన్న దుర్గేష్ ఆ పార్టీని తీసుకొచ్చాడు. భార్యాభర్తలు, చిన్నవాళ్లు. బండి నచ్చింది. మంచం ఎత్తి చూశారు, పొయ్యి వెలిగించి చూశారు. ఆ అమ్మాయి వంగి అడుగు సొరుగు పట్టుకుని లాగబోయింది. అమ్మనని చెప్పాను. ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తన వల్లే అనుకుందేమో. కాదని చెప్పి ఉండాల్సింది. తోచలేదు. దుర్గేష్ నన్ను పక్కకి పిలిచి, “అయితే నిజంగ పోతరా సార్?” అన్నాడు. పోతానన్నాను. టైర్లలో గాలి చూసి, డబ్బులు తీసుకోకుండా వెళ్లాడు.

పప్పులూ అటుకులూ మేడ మీద కుండీల్లో పోశాను. పావురాలు దిగాయి. అవి తింటుంటే కొంతసేపు చూసి వచ్చేశాను.

పొద్దున గేటు తీస్తుంటే సురేందర్ వచ్చాడు. పరంజా కర్రలు అప్పటికే దించుతున్నారు. గడువు ఒక రోజు దాటింది. దాని గురించి అంటాడనుకున్నాను. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక తలుపు గొళ్లెం లాగి చూశాడు.

“ఒక్కలే పోతున్నరా సాబ్?”

అవునన్నాను.

“రంగులు అయినంక గీ జాగ మీకే ఉంచుత. ఇంకొకర్ని పెట్టనియ్య. ఫికర్ చెయ్యకుండ్రి, పోయి రాండ్రి.”

పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కాక అద్దంలో చూశాను. వెనక అన్నీ వేరే బండ్లు.

డబ్బా పక్క సీట్లో పెట్టలేదు. దాని సొరుగులోనే ఉంచాను. ఎక్కడా ఆపి చూడలేదు. ఇక్కడ ఒక వేపచెట్టు నీడ కనబడితే ఆగి అన్నం వండాను. అన్నం ఉడికాక సొరుగు తీసి, మూత తెరిచాను.

పైన అంతా సమంగా ఉంది. వేళ్లు లేవు. ఎక్కడ పోయాయో తెలియదు. చౌటుప్పల్ దగ్గర కావచ్చు, నకిరేకల్ దగ్గర కావచ్చు. ఆ సమయానికి నేను ఏదో లారీని దాటుతూ ఉండి ఉంటాను.

పురుగు లోపలికి పోలేదు.

చెంచాతో తీసి అన్నంలో కలుపుకున్నాను. కారం నిజంగానే ఎక్కువైంది. ఇంత ఎక్కువని ఆమె నాకు చెప్పలేదు. పక్కన ఆగిన లారీ డ్రైవరు నా మొహం చూసి నీళ్ల సీసా తెచ్చాడు. “గంత కారం ఎందుకు తింటున్నవన్నా?” అన్నాడు. ఇంట్లో చేసిందని చెప్పాను. అతను నా పళ్లెం వైపు చూసి, పక్కనే కూర్చున్నాడు. సీసా ఖాళీ చేసి, మళ్లీ కలుపుకున్నాను.

మీ భాగం ఉంచాను. రాజమండ్రి దాటేసరికి చీకటి పడొచ్చు. వీధి తలుపు వేసుకోకండి. తట్టినా మీకు వినపడదు.

కేదార్


సామర్లకోట,
ఏప్రిల్ 14.

మరిదిగారికి దీవెనలు.

మారేడుమిల్లి పోస్టాఫీసులో అడుగుతానన్నారు కాబట్టి అక్కడికే రాస్తున్నాను. సూర్యాపేట ఉత్తరం మీరు వెళ్లాక వచ్చింది. ఉన్నప్పుడు మీరు ఇవేమీ చెప్పలేదు. మంచిదే. ఆ రాత్రి మనిద్దరం ఆ పొడి కలుపుకుని తిన్నాం కదా, ఈ ఉత్తరం ముందే చదివి ఉంటే నాకు ముద్ద దిగేది కాదు.

భార్గవ్ వాసన చూసి తనకీ పెట్టమన్నాడు. వాడి చెయ్యి తోసేశాను. వాడికి ఇంకా కోపంగానే ఉంది. వాడి పిన్ని చేసిందే, వాడికీ హక్కుంది. అయినా పెట్టలేదు. అడుగున అంటుకున్నది మీరు వేలితో తుడిచి నా కంచం అంచున రాశారు. నాకు తెలుసు, అది మీ భాగం.

డబ్బా ఇక్కడ వదిలెయ్యమంటే మీరు వినలేదు. ఖాళీ డబ్బా మోసుకుని ఏం చేస్తారు? అందులో వెయ్యడానికి కొత్త కందిపొడి కొట్టిస్తానంటే అదీ వద్దన్నారు. మీ ఇష్టం.

ఏడాది తిథి జులైలో. మా వాకిట్లో బండి పట్టేంత చోటుంది. భార్గవ్ కొలిచాడు.

రత్నమాల


మారేడుమిల్లి,
ఏప్రిల్ 25.

వదినగారికి,

మీ ఉత్తరం ఇక్కడి పోస్టుమాస్టరు నాలుగు రోజులుగా ఉంచాడు. నేను దారిలో ఒకచోట ఎక్కువ రోజులు ఆగాను. ఒక వాగు పక్కన. కారణం ఏమీ లేదు. బాగుంది, ఆగాను.

ఖాళీ డబ్బా ఘాట్ రోడ్డులో ప్రతి మలుపుకీ మోగింది. తువ్వాలు చుట్టాను, సొరుగులో అడ్డంగా పెట్టాను, మంచం మీద దిండు కింద పెట్టాను. మోగుతూనే ఉంది. బండిలో అంత శబ్దం చేసేది అదొక్కటే. రెండుసార్లు ఆపి, మళ్లీ నడిపాను.

మంగళవారం ఒక ఊళ్లో సంత తగిలింది. ఒకావిడ చెట్టు కింద గోనెసంచి పరిచి అలసందలు అమ్ముతోంది. ఎర్రటివి, చిన్న గింజ. నేను ఎప్పుడూ చూడని రకం. ఎలా వండాలని అడిగితే, నానబెట్టాలి, లేకపోతే ఉడకదంది. మీ ఆడవాళ్లు లేరా అని అడిగింది. లేరన్నాను. కొసరుగా ఇంకో దోసెడు వేసింది.

డబ్బా తీసుకెళ్లి పట్టాను. నిండా పోసింది. చెయ్యి కూడా అలవాటుగా పైకి వెళ్లింది, అదమడానికి. ఊరుకున్నాను. బండి కదిలితే అవే సర్దుకుంటాయి.

జులైకి వస్తాను.

కేదార్